వించి ముందుకే

వెంకటముని జీపు కింద వెల్లకిలా పడుకొని నూలుదారంతో కొలత తీస్తున్నాడు. దారం ఒక కొస పళ్ల మధ్య ఉంది. రెండో కొసను ఛాసీ వెంట ముందుకు సాగదీసి, బంపరు తగిలినచోట ముడి వేశాడు. మళ్లీ వెనక్కి జరిగి, వెనక సామాన్ల తొట్టి చివరిదాకా లాగి ఇంకొక ముడి వేశాడు. షెడ్డులో టేపు లేక కాదు. నొక్కితే సర్రున చుట్టుకుపోయే పచ్చటేపును షెడ్డు యజమాని దేవరాజులు మద్రాసు నుంచి తెచ్చి మేకుకు తగిలించి మూడేళ్లయింది. వెంకటముని దాన్ని ముట్టుకోడు. ఇనుము ఎక్కడ వంగిందో, ఎక్కడ కుంగిందో దారానికే తెలుస్తుందని అతని నమ్మకం.

ఎనిమిదైనా కాలేదు. చిత్తూరులో వేలూరు రోడ్డు పక్కనుండే ఆ షెడ్డు రేకులు అప్పుడే టిక్కుటిక్కుమంటూ వేడెక్కుతున్నాయి. నేల మాత్రం చల్లగా ఉంది. ఏళ్ల తరబడి ఒలికిన నూనె, గ్రీజు తాగి నల్లగా గట్టిపడిన ఆ నేల మీద వీపు ఆనిస్తే వెంకటమునికి ఇంట్లో మంచం మీద కంటే హాయిగా ఉంటుంది. ఆ సంగతి భార్య అలివేలమ్మతో ఒకసారి అని, రెండు రోజులు మాటలు పడ్డాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి, బక్కపలచన. ఒకప్పుడు ఖాకీరంగు ఉండిన చొక్కా, మోకాళ్ల కింది దాకా జారే నిక్కరు. రెప్పవెంట్రుకల్లో కూడా ఇనుపరజను. ఎడమచేతి చూపుడువేలికి గోరు లేదు. మద్రాసులో మిలటరీ పాతసామాన్ల యార్డులో పనిచేసే కాలంలో ఒక ఇంజను దాన్ని తన దగ్గరే ఉంచేసుకుంది. ఆ యార్డులో పద్దెనిమిదేళ్లు, ఈ షెడ్డులో ఇరవై ఒకటి. దేవరాజులు తండ్రి ఉన్నప్పుడు చేరినవాడు, ఆయన పోయినాక కొడుకు దగ్గరా ఉండిపోయాడు. జీపు బాగుపడితే వచ్చినవాళ్లు దేవరాజులు చేయి పట్టుకొని మెచ్చుకొని పోతారు. అప్పటికి వెంకటముని ఇంకో బండి కిందికి దూరి ఉంటాడు. ఇన్ని వందల జీపులు విప్పి బిగించినవాడికి బండి తోలడం రాదు. ఒకసారి భార్యాభర్తలు అలిపిరి మెట్లెక్కి కొండకు పోతుంటే, పక్క ఘాటురోడ్డు మీద ఏదో జీపు మూలుగుతూ ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. వెంకటముని గోవింద నామం మధ్యలో ఆపి, "రెండో గేరులో ఎక్కిస్తా ఉండాడు, మొద్దు. ఒకటిలో ఎక్కించాల," అన్నాడు. అలివేలమ్మ ఆ కథ ఇప్పటికీ వీధిలో చెప్పి నవ్విస్తుంది.

అతను జీపు కింద నుంచి బయటికి జరిగి, పక్కన గోనెపట్ట మీదున్న వించిని చూశాడు. నడుమెత్తు కూడా లేని ఇనుప దిమ్మె. మధ్యలో డ్రమ్ము, దాని పక్కన గేరుపెట్టె, డ్రమ్ముకు చుట్టిన వేలెడు లావు ఇనుపతీగల మోకు. యుద్ధకాలపు మిలటరీ బండిది. ఇంజను తిరిగే బలాన్ని ఒక పొడుగు కడ్డీతో దీనికి అందిస్తే డ్రమ్ము తిరుగుతుంది, మోకు చుట్టుకుంటుంది, అవతల కొసకు ఎంత బరువున్నా కదిలి రావలసిందే. తుప్పు పట్టి వచ్చిన దాన్ని మూడు రోజులుగా విప్పి, కిరసనాయిలుతో కడిగి, పళ్లు అరిగిన ఒక గేరును మార్చాడు. ఇక మిగిలింది జీపుకు బిగించడమే.

తొమ్మిదికి జయరామ్ వచ్చాడు. బంగారుపాళ్యం మనిషి, ముప్పై రెండేళ్లుంటాయి. తెల్లచొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, బస్సు దిగి నేరుగా వస్తున్నట్టు దుమ్ము కొట్టుకొని ఉన్నాడు. ఆ పక్క ఊళ్లలో మూడేళ్లుగా వానల్లేవు. మామిడితోటల్లో బావులు అడుగంటాయి. వాటిని లోతు తవ్వించే పనిని జయరామ్, అతని అన్న గోవిందస్వామి ఒప్పుకున్నారు. చెట్ల సందుల్లోంచి లారీ పోదు, జీపు పోతుంది. జీపుకు వించి ఉంటే పదిమంది లాగే మన్నును అదే లాగుతుంది.

"ఏమి మేస్త్రీ, ఈ పొద్దు అయిపోతాదా? ఆడ బాయికాడ మనుషులు రెండు దినాలుగా ఊరికే కూసోని ఉండారు. పిందెలన్నీ రాలిపోతా ఉండాయి."

"యాడ పెట్టాలో తేలితే అయిపోతాది," అన్నాడు వెంకటముని.

"దాంట్లో తేలేదేముండాది? ఎనక తొట్లో పెట్టెయ్. దేవరాజులన్న గూడా అదే అన్నాడే."

బల్ల దగ్గర కాఫీ తాగుతున్న దేవరాజులు గ్లాసుతోనే లేచి వచ్చాడు. నలభై దాటిన మనిషి, మాటల్లో చురుకు, పనివాళ్ల మీద గొంతు లేపడు. "అవును మేస్త్రీ. తొట్టి నేల గట్టిగా ఉండాది. కడ్డీని కోసి పొట్టిగా చేస్తే సరిపాయ. మధ్యాన్నానికి బండి ఎలబారిపోతాది."

వెంకటముని దారం ముళ్లను వేళ్ల మధ్య తిప్పుతూ, "బాయిలోంచి ఏమేమి లాగుతారప్పా?" అని అడిగాడు.

"మన్ను. రాళ్లు. ఎప్పుడన్నా మోటారు."

"మనుషుల్నో?"

జయరామ్ చూపు రోడ్డు వైపు పోయింది. "దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు. అరవై అడుగుల బాయి గదా మేస్త్రీ, మెట్లు సగానికే ఉండాయి. వేరేవోళ్లను దింపములే. మాయన్నే దిగేది."

వెంకటముని దారాన్ని జేబులో పెట్టుకొని జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత, ఎప్పుడూ చేయని పని, ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. స్టీరింగు పట్టుకొని, మెడ వెనక్కి తిప్పి తొట్టి వైపు చూశాడు. తలను మళ్లీ ముందుకు తిప్పి అద్దంలోంచి చూశాడు. మళ్లీ వెనక్కి. జయరామ్, దేవరాజులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అతను దిగి, "ముందర పెడతా," అన్నాడు.

"ముందరా!" దేవరాజులు గ్లాసు బంపరు మీద పెట్టాడు. "బంపరు కోయాల. ఛాసీకి ప్లేట్లు కట్టాల. ఇంత బరువు ముందర పెడితే చక్రాల మీది కమాన్లు కుంగిపోవా?"

"చెరొక పట్టీ ఎక్కిస్తే నిలబడతాది."

"అదట్ల పోనీ. మోకు తెగిందనుకో. నేరుగా డ్రైవరు మొగానికే గదా వచ్చేది? నీకు తెలీదా మేస్త్రీ?"

"తెలుసు."

"మరింకేమి?"

వెంకటముని గోరులేని వేలితో వించి డ్రమ్మును తడిమాడు. "తెగితే లాగేవోనికి తగలాల," అన్నాడు. "లోపలుండేవోనికే ఎప్పుడూ ఎందుకు తగలాల? తనకూ తగుల్తాదని తెలిస్తే కాలు నెమ్మదిగా పడతాది. అద్దానికి ముందర గట్టి జాలీ కడతాలే."

జయరామ్‌కు ఆ మాట నచ్చలేదు. నవ్వడానికి ప్రయత్నించాడు. "నేను ఎనక్కి తిరిగి సూస్తానే లాగుతా మేస్త్రీ. నా అన్న గదా లోపలుండేది. సూడకుండా ఉంటానా?"

"మెడ తిప్పినోనికి కాలు యాడ పడేదీ తెలీదు. ముందుకు సూస్తే ఎనకుండేది తెలీదు." వెంకటముని వంగి వించి మోకు కొసను చేతిలోకి తీసుకున్నాడు. "మా నాయన్ని నేనే లాగినా."

షెడ్డు ముందు నుంచి ఒక బస్సు పోయింది. దాని చప్పుడు తగ్గేదాకా ఆగి, మోకు కొసను చూస్తూనే చెప్పాడు. "కపిల బాయి. అప్పుడు నాకు పందొమ్మిది. పూడిక తీస్తా ఉండారు. నేను ఎద్దుల్ని తోలతా ఉండా. వీపు బాయికి. ఆయన చెయ్యి ఊపినాడంట. నాకు కనపళ్లే."

అంతకు మించి చెప్పలేదు. చెప్పవలసింది ఇంకా చాలా ఉంది. పూతలపట్టు పక్క పల్లెలో ఎద్దులతో నీళ్లు తోడే ఆ కపిల బావి, ఎద్దులు దిగే ఏటవాలు బాట, గిలక కీచుమని అరిచే అరుపు. ఎద్దులు బావికి దూరంగా నడుస్తూ లాగుతాయి కాబట్టి తోలేవాడి వీపు ఎప్పుడూ బావికే ఉంటుంది. ఆ రోజు పైకి వస్తున్న తొట్టిలో నాయన ఉన్నాడు. ఒడ్డు రాయి కదిలి ఒరిగింది. నాయన చూశాడు, చేయి ఊపాడు, అరిచాడు కూడా. గిలక అరుపులో ఆ అరుపు కలిసిపోయింది. ఎద్దులు ఇంకో నాలుగడుగులు వేశాయి, తొట్టి ఆ రాయి కిందికే పోయింది. నాయన మూడు రోజులు బతికాడు. కోపం లేదు. "చెయ్యి ఊపితిని రా మునీ, నీ వీపే కనపడె," అన్నాడు, ఏదో చిన్న సంగతి చెప్పినట్టు. కర్మాంతరాలు ముగిసిన మరుసటి రోజే వెంకటముని మద్రాసు రైలెక్కాడు. ఎద్దులతో పని లేని చోటు అయితే చాలనుకున్నాడు. ఇదంతా తెలిసింది అలివేలమ్మకు ఒక్కదానికే. ఆమెకు చెప్పిందీ పెళ్లయిన కొత్తలో ఒక్కసారే.

జయరామ్ తెల్లచొక్కా విప్పి మేకుకు తగిలించాడు. "ముందరే పెట్టు మేస్త్రీ. నేనేం పట్టుకోవాలో చెప్పు."

పని మొదలైంది. బంపరు మధ్యభాగం కోసి తీశారు. అర అంగుళం మందం ప్లేట్లు రెండు కోసి, డ్రిల్లు మిషను కింద పెట్టి ఒక్కోదానికి నాలుగేసి రంధ్రాలు వేశాడు వెంకటముని. వాటిని ఛాసీ కమ్ముల పక్కన ఆనించి సుద్దతో గుర్తులు పెడుతుండగా కరెంటు పోయింది. దేవరాజులు గడియారం చూసి, "మూడు దాకా రాదు," అన్నాడు. "వచ్చినాక వెల్డింగు కొట్టేద్దాం మేస్త్రీ. రంధ్రాలెందుకు? రెండు పక్కలా నిండుగా కొడితే ఏనుగు లాగినా ఊడదు."

"వెల్డింగు గట్టిదే. కానీ విరిగేటప్పుడు చెప్పదు. ఆ సెగకు పక్కనుండే ఛాసీ గూడా పెళుసైపోతాది. బోల్టయితే ముందు వదులైతాది, కిరకిరమంటాది, మనిషికి చెప్పి పోతాది." అని, మూలనుండే చెక్కపెట్టెలోంచి చేతిడ్రిల్లు తీశాడు. రొమ్ముకు ఆనించి నొక్కుతూ చేత్తో తిప్పేది. దాన్ని ఎవరూ ముట్టక ఏళ్లయింది.

ఛాసీ కమ్మి అడ్డంగా కోస్తే గోడా, పైన ఒక పెదవి, కింద ఒక పెదవి ఉన్నట్టు ఉంటుంది. బండి బరువంతా ఆ పెదవులే మోస్తాయి. తొందరపడే మేస్త్రీలు పెదవికి రంధ్రం వేస్తారు, తేలిక కాబట్టి. రెండేళ్లకు అక్కడే చీలిక పుడుతుంది. వెంకటముని గోడకే వేస్తాడు. గోడకు వేయాలంటే మోకాళ్ల మీద కూర్చొని, నడుము వంచి, డ్రిల్లు వెనక బిళ్లను రొమ్ముకు ఆనించి ఒంటి బరువంతా దాని మీద వేయాలి. ఒక్కో రంధ్రానికి అరగంట పట్టింది. వెండిలాంటి రజను ఉంగరాలుగా చుట్టుకొని మోకాళ్ల మీద రాలింది. చెమట కళ్లల్లోకి కారింది. జయరామ్ నేను తిప్పుతానని రెండుసార్లు అడిగి, రెండు రంధ్రాలు తిప్పి, చేతులు బొబ్బలెక్కి కూర్చున్నాడు. మిగిలిన ఆరూ వెంకటమునివే.

నాలుగో రంధ్రం దగ్గర రొమ్ములో ఏదో పట్టేసినట్టయింది. డ్రిల్లు బిళ్ల ఒత్తుడనుకున్నాడు. బిళ్లకు గుడ్డ చుట్టి మళ్లీ ఆనించాడు. కాసేపటికి ఆ పట్టు వీపు వైపుకు పోయి, ఎడమ భుజం దిగి మోచేతి దగ్గర ఆగింది. లేచి, రోడ్డు అవతల అంగట్లో ఒక గోలీసోడా తాగి వచ్చాడు. తేనుపు వచ్చింది. గ్యాసే, అనుకున్నాడు.

మధ్యాహ్నం అలివేలమ్మ పంపిన క్యారియరు విప్పాడు. రాగి సంగటి, వేరుశెనగ్గింజలు నూరిన ఊరిబిండి పచ్చడి, ఒక ఉల్లిగడ్డ. ముద్దలో సగం తిని, మిగతాది జయరామ్ ముందుకు జరిపాడు. జయరామ్ మొహమాటపడి తీసుకొని, తిన్నాక, "ఊరిబిండి మాయమ్మ చేసినట్టే ఉండాది," అన్నాడు. వెంకటముని ఆ రోజంతటికీ అప్పుడొక్కసారి నవ్వాడు. "సాయంత్రం చెప్తాలే ఆమెకు. వారమంతా అదే చేస్తాది ఇంక."

కరెంటు మూడున్నరకు వచ్చింది. అప్పటికి ఎనిమిది రంధ్రాలూ అయ్యాయి. దేవరాజులు తన చొక్కా చేతులు మడిచి, ముందు కమాన్లు దించి చెరొక పట్టీ ఎక్కించాడు. యజమాని బండి కింద దూరడం ఆ షెడ్డులో చాలా ఏళ్లకు అదే మొదటిసారి. చైన్‌కప్పీతో వించిని లేపి, ప్లేట్ల మధ్యకు దించి, బోల్టులు దూర్చారు. వెంకటముని ఒక్కో నట్టునూ మూడుసార్లు బిగించాడు. ముందు అన్నిటినీ చేతితో, తర్వాత మూలకు మూల మార్చి సగం దాకా, చివర నిండా. పొడుగు కడ్డీని కోయకుండానే ఇంజను పక్కగా తెచ్చి వించికి తగిలించాడు. అద్దానికి ముందు కమ్మీల జాలీ బిగించారు. జీపు మొహం మారిపోయింది. మూతికి చిక్కం కట్టిన ఎద్దులా ఉందన్నాడు దేవరాజులు.

ఎండ చల్లబడ్డాక షెడ్డు వెనక ఖాళీస్థలంలోకి జీపును తీసుకుపోయారు. అక్కడ ఇంజను లేని పాత లారీ ఒకటి నాలుగు చక్రాలూ మట్టిలో కూరుకొని ఉంది. జీపు చక్రాల ముందు పెద్ద రాళ్లు పెట్టించాడు వెంకటముని.

"బ్రేకును నమ్మొద్దు. బాయికాడ జీపు మొగం బాయి పక్కే ఉంటాది. జారితే నేరుగా లోపలికే. ఎప్పుడు నిలిపినా రాళ్లు, ఏమి?"

"సరే మేస్త్రీ."

"మోకును వట్టి చేత్తో పట్టుకోవద్దు. నట్లు దినామూ సూడు."

మోకును లారీకి తగిలించి జయరామ్ వించిని తిప్పాడు. మోకు నేల మీద నుంచి లేచి బిగిసింది. జీపు మూతి నాలుగు వేళ్ల మందం కుంగి నిలబడింది. వెంకటముని పక్కన మోకాళ్ల మీద కూర్చొని ప్లేటుకు అరచేయి ఆనించాడు. నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకున్నాడు. ఇనుము సన్నగా వణికింది గానీ కిరకిర లేదు. లారీ ఒక మూలుగు మూలిగి, మట్టిని చీల్చుకొని కదిలింది.

దేవరాజులు చప్పట్లు కొట్టాడు. జయరామ్ దిగబోయాడు. "దిగొద్దు," అన్నాడు వెంకటముని. "ఇంకొక పని ఉండాది."

అతను ముప్పై అడుగులు నడిచి, లారీ పక్కన నిలబడ్డాడు. "నన్ను సూస్తా లాగు. నేను చెయ్యెత్తితే ఆపాల. ఎప్పుడెత్తుతానో చెప్పను."

జయరామ్ లాగాడు. చేయి లేచింది, ఆపాడు. మళ్లీ లాగాడు. ఈసారి చాలాసేపు చేయి లేవలేదు. జయరామ్ చూపు ఒక్క క్షణం డ్రమ్ము మీదికి పోయిందో లేదో చేయి లేచింది. డ్రమ్ము మూడు చుట్లు ఎక్కువ తిరిగింది.

"ఇప్పుడు మీయన్న లేడు," అన్నాడు వెంకటముని.

ఆ తర్వాత జయరామ్ కళ్లు వించి మీదికి పోలేదు. పదిసార్లు, పదిహేనుసార్లు. చేయి లేస్తే జీపు ఆగింది. దేవరాజులు మొదట నవ్వుతూ చూసి, తర్వాత నవ్వు మాని చూశాడు. చివరిసారి వెంకటముని చేయి నెమ్మదిగా లేచింది, భుజం దాకా వచ్చి అక్కడే ఆగింది. జయరామ్ అప్పటికే ఆపేశాడు.

"సాలు," అన్నాడు వెంకటముని. "పోయిరా అప్పా."

జయరామ్ మిట్టూరులో ఇంటిదాకా దింపిపోతానన్నాడు. అదెంత దూరమని, వెంకటముని వద్దన్నాడు. జీపు వేలూరు రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా నిలబడి చూశాడు. బాగు చేసిన బండి వెళ్లిపోతుంటే నిలబడి చూడడం అతనికి అలవాటు లేదు. దేవరాజులు అది గమనించి, "రేపు ఆలస్యంగా రా మేస్త్రీ," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి వీధికొళాయి దగ్గర బిందెలు ఇంకా వరసలోనే ఉన్నాయి. వెలుతురు ఉంది. అలివేలమ్మ గడప మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది.

"ఏందయ్యా, మొగమట్లుండాది?"

"ఊరికే. రంధ్రాలు ఎక్కువైపాయ." అతను మెట్టు మీద కూర్చొని గోడకు ఆనుకున్నాడు. "నీ ఊరిబిండి బాగుండాదంట."

"ఎవురన్నారు?"

"బంగారుపాళ్యం పిల్లోడొకడు. వాళ్లమ్మ చేసినట్టే ఉండాదంట."

ఆమె మొహం వెలిగింది. ఒళ్లు కడుక్కుంటే తేలికవుతుందని నీళ్లు కాచడానికి లోపలికి పోయింది. పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ, ఆ పిల్లోడికి పెళ్లయిందా, అని గట్టిగా అడిగింది. జవాబు లేదు. అతను జవాబివ్వకపోవడం ఆమెకు కొత్త కాదు. నీళ్లు కాగినాక, తువ్వాలు భుజాన వేసుకొని బయటికి వచ్చి పిలిచింది. వెంకటముని గోడకు తల ఆనించి, వీధి వైపు చూస్తున్నట్టే ఉన్నాడు. రెండు అరచేతులూ మోకాళ్ల మీద తెరిచి ఉన్నాయి. కొళాయి దగ్గర ఆడవాళ్లు అలివేలమ్మ అరుపు విని బిందెలు వదిలి పరుగెత్తుకొచ్చారు.

జయరామ్‌కు ఈ సంగతి పన్నెండు రోజుల దాకా తెలియదు. అన్నదమ్ములు పగలంతా బావి దగ్గరే ఉన్నారు. తొమ్మిదో రోజు, యాభై అడుగుల లోతు నుంచి గోవిందస్వామి తొట్టిలో పైకి వస్తుంటే, బావి గోడలోంచి పొడుచుకొచ్చిన ఒక బండ కింద తొట్టి అంచు తగులుకుంది. లోపలివాడికి అరిచే వ్యవధి కూడా లేదు. జయరామ్‌కు కనిపించింది ఒక్కటే: బావి మీది గిలక నుంచి నిట్టనిలువుగా దిగవలసిన మోకు బెత్తెడు పక్కకు ఒరిగింది. యాక్సిలరేటరు మీది కాలు దానంతట అదే లేచింది. తొట్టి కొంచెం దించి, వదులు చేసి, మళ్లీ లాగారు. గోవిందస్వామి భుజం మీద తోలు గీరుకుపోయి పైకి వచ్చాడు, అంతే. ఒడ్డున కూర్చొని నీళ్లు తాగి, తమ్ముడి మొహం చూసి, ఏమైందిరా అని అతనే అడిగాడు.

ఆ మాట మేస్త్రీకి చెప్పాలని, పనికి ఒక రోజు విరామం దొరకగానే జయరామ్ జీపేసుకొని చిత్తూరు వచ్చాడు. దారిలో గుంతలు వచ్చినప్పుడల్లా ముందువైపు ఏదో ఠంగుమంటోంది. మూడు రోజులుగా అంతే. నట్టు వదులైందేమోనని మురకంబట్టు దగ్గర ఆపి కింద దూరి చూశాడు. నట్లన్నీ గట్టిగానే ఉన్నాయి. ఛాసీ కమ్మి లోపలి పెదవి మీద, ప్లేటు వెనక, ఇరుక్కున్న చోటు నుంచి జారి ఒక స్పానరు పడి ఉంది.

షెడ్డులో దేవరాజులు చెప్పాడు. చెప్పి, స్పానరును చేతిలోకి తీసుకొని చూసి, తిరిగి ఇచ్చేశాడు. "ఆయన సొంతానిది. ఈడ పెట్టుకోలేను. ఆమెకు ఇచ్చిరా." ఇల్లు ఎక్కడో గుర్తులు చెబుతూ మధ్యలో ఆగి, మొహం తిప్పుకున్నాడు.

అలివేలమ్మ అతన్ని లోపలికి పిలిచి చాప వేసింది. జయరామ్ తానెవరో చెప్పుకున్నాడు. "ఊరిబిండి పిల్లోనివా?" అంది ఆమె. అతను స్పానరును ఆమె ముందు పెట్టాడు.

ఆమె దాన్ని ఒడిలో పెట్టుకొని అటూ ఇటూ తిప్పింది. "యాడుండింది ఇది?"

"జీపులో పెద్దమ్మా. వించి పక్కన ఇడిసిపెట్టేసినాడు."

"ఇడిసిపెట్టే మనిషి గాదే," అంది. వీధిలో ఎవరో ఉప్పు అమ్ముతూ అరుచుకుంటూ పోయారు. "ముప్పై ఏండ్లల్లో సామాను యాడా ఇడిసిపెట్టి రాలేదు నాయనా. ఇంటికొచ్చినాక గుర్తొచ్చినా చెప్పుల్లేకుండా ఎలబారిపోయేవోడు. ఆ పొద్దు వొంట్లో ఎంత బాగలేకుండెనో చూడు. నాకొక మాట చెప్పలేదు." కొంగుతో కళ్లు తుడుచుకోలేదు; నీళ్లు వాటంతట అవే చెంపల మీద ఆరిపోయాయి.

జయరామ్ బావి సంగతి చెప్పాడు. మోకు ఒరగడం, తాను చూడడం, అన్న పైకి రావడం. నెమ్మదిగా, ఏదీ వదలకుండా చెప్పాడు. ఆమె మధ్యలో ఒక్కసారి, "నీకు కనపడిందా?" అని అడిగింది. "కనపడింది పెద్దమ్మా," అన్నాడు. ఆమె మళ్లీ అడిగింది. అతను మళ్లీ అదే చెప్పాడు.

"ఆయనుండుంటే ఎంత సంతోషపడుండునో," అన్నాడు చివరికి.

"ఏం సంతోషం? 'నట్లు సూసినావా' అని అడిగుంటాడు." ఆమె నవ్వింది, అంతలోనే ఆ నవ్వు చెదిరిపోయింది. స్పానరును ఎత్తి అతని చేతిలో పెట్టింది. "నాకాడ ఏం చేసుకోను దీన్ని? నువ్వే పెట్టుకో. దినామూ బిగిస్తా ఉండు."

వెళ్లేటప్పుడు చిన్న జాడీలో ఊరిబిండి ఇచ్చింది. జయరామ్ జీపెక్కి, జాడీని కాళ్ల దగ్గర ఒరగకుండా పెట్టుకొని, స్పానరును పక్కసీటు మీద ఉంచాడు. జానెడు పొడుగుంది. ఇరుకు సందుల్లో దూరడానికి రెండు పక్కలా రాయి మీద సానబట్టి పలచగా చేసింది, పిడి నడుమ నల్లదారం చుట్టి ఉంది, దారం పైన బొటనవేలు ఆనేచోట ఇనుము చిన్న గుంతపడి తెల్లగా మెరుస్తోంది.